జెకిల్ ఐలాండా, ఓక్రకోకా, బ్లాక్ ఐలాండా? అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏ దీవికి వెళ్ళాలి

ప్రతి ఏడూ ఏప్రిల్ వచ్చేసరికి నాకు వాట్సాప్‌లో ఇదే ప్రశ్న ముగ్గురో నలుగురో పెడతారు. అమ్మావాళ్ళు వస్తున్నారు, నయాగరా అయిపోయింది, డీసీ అయిపోయింది, ఓర్లాండో ఎండలంటే భయం, జనం తక్కువుండే బీచ్ ఏదైనా చెప్పవే, మళ్ళీ ఉట్టి ఇసుకే అయితే నాన్నకి బోరు, చూడ్డానికి పాత కట్టడాలో ఏవో ఉండాలి అని. మేముండేది నార్త్ కరోలినాలో, ఈ పదకొండేళ్ళలో ఈ మూడు దీవులకీ వెళ్ళొచ్చాం, ఓక్రకోక్‌కైతే మూడుసార్లు, అందుకని ఇంక ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఒక మాట. అందరూ బీచ్ ఫొటోలు పక్కపక్కన పెట్టుకొని చూస్తారు, దాని వల్ల ఉపయోగం లేదు, ఫొటోల్లో మూడూ బాగుంటాయి. మీరు చూడాల్సింది నీళ్ళు ఎలా దాటతాం అని. జెకిల్‌కి రోడ్డుంది, కారేసుకొని తిన్నగా వెళ్ళిపోవచ్చు. ఓక్రకోక్‌కి బ్రిడ్జి లేదు, కారుని ఫెర్రీ ఎక్కించుకొని వెళ్ళాలి. బ్లాక్ ఐలాండ్‌కి కారు ఇవతలే వదిలేసి మనుషులం మాత్రం వెళ్ళడం మంచిది. ఈ ఒక్క తేడాతోనే మిగతావన్నీ తేలిపోతాయి, రైస్ కుక్కర్ పట్టుకెళ్తామా లేదా, రాత్రి నాన్నకి బీపీ పెరిగితే హాస్పిటల్ ఎంత దూరం, ఊళ్ళో జనం ఎంత, అన్నీ.

జెకిల్ ఐలాండ్ జార్జియాలో బ్రన్స్‌విక్ పక్కన. అట్లాంటా నుంచి ఐదు గంటల పైనే డ్రైవ్, జాక్సన్‌విల్ ఎయిర్‌పోర్ట్‌కి దిగితే గంట. చిత్తడి నేలల మీదుగా వేసిన పొడుగాటి రోడ్డు ఉంటుంది, దాని చివర గేటు, అక్కడ రోజుకింత అని పార్కింగ్ ఫీజు కట్టించుకుంటారు, ఎందుకంటే ఈ దీవి మొత్తం రాష్ట్ర ప్రభుత్వానిది. 1947లో జార్జియా 6,75,000 డాలర్లకి కొనేసింది. ఎక్కువ భాగం కట్టడాలు రాకుండా వదిలెయ్యాలని చట్టమే ఉంది కాబట్టి ఏడు మైళ్ళ దీవిలో హోటళ్ళు ఉన్నా ఎక్కడా కిక్కిరిసినట్టు అనిపించదు.

కొనకముందు ఎవరిదీ అంటే అదే అసలు కథ. 1886లో న్యూయార్క్, షికాగో కోటీశ్వరులంతా కలిసి ఇక్కడొక వేట క్లబ్ పెట్టుకున్నారు, జేపీ మోర్గాన్, వాండర్‌బిల్ట్, పులిట్జర్, రాక్‌ఫెల్లర్ తమ్ముడు, ఇలాంటి వాళ్ళు. 1910 నవంబర్‌లో సెనేటర్ ఆల్డ్రిచ్ కొంతమంది బ్యాంకర్లని తీసుకొని రహస్యంగా ఇక్కడికొచ్చాడు, బాతుల వేటకి వెళ్తున్నాం అని చెప్పి, ఇంటిపేర్లు పనివాళ్ళకి తెలియకుండా ఒకళ్ళనొకళ్ళు మొదటి పేర్లతోనే పిలుచుకుంటూ. వాళ్ళు ఇక్కడ కూర్చొని రాసిన ప్లానే తర్వాత 1913లో వచ్చిన ఫెడరల్ రిజర్వ్‌కి, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిదానికి, పునాది అయ్యింది. మా నాన్న స్టేట్ బ్యాంకులో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరైన మనిషి, గైడ్ ఈ కథ చెప్తుంటే బస్సు దిగడానికి కూడా లేవలేదు. అప్పటిదాకా అమెరికాలో నేనేం చూపించినా ఆఁ బాగుంది అని ఊరుకున్నవాడు, ఆ క్లబ్ ముందు మాత్రం నాలుగు ఫొటోలు తీయించుకొని తన బ్యాంకు రిటైర్డ్ గ్రూపులో పెట్టుకున్నాడు. ఆ క్లబ్ ఇప్పుడు హోటల్, ఉండకపోయినా వరండాలో కూర్చొని రావచ్చు.

కానీ ఆ డబ్బున్నోళ్ళ కథ ఒక్కటే విని వచ్చేస్తే సగమే చూసినట్టు. 1858 నవంబర్‌లో వాండరర్ అనే ఓడ ఆఫ్రికా నుంచి నాలుగు వందల మంది పైగా మనుషుల్ని ఇక్కడే దింపింది, బానిసల దిగుమతిని నిషేధించి అప్పటికే యాభై ఏళ్ళు. దీవి దక్షిణం కొసన దాని గురించి చిన్న ట్రైల్ కట్టారు, పిల్లలతో నడవచ్చు. దాని పక్కనే సెయింట్ ఆండ్రూస్ బీచ్, జార్జియాలో నల్లజాతి వాళ్ళకి అనుమతి ఇచ్చిన మొదటి పబ్లిక్ బీచ్ అదే, 1950లో. సాయంత్రం పూట అక్కడ జనం తక్కువుంటారు, మేం రెండుసార్లు డాల్ఫిన్లు చూశాం.

బీచ్ సంగతికొస్తే, నీళ్ళు నీలంగా ఉంటాయని ఆశ పెట్టుకోకండి. నదుల ఒండ్రు వచ్చి కలుస్తుంది కాబట్టి గోధుమరంగు, మన కాకినాడ బీచ్ గుర్తొస్తుంది. ఇసుక మాత్రం గట్టిగా చదునుగా ఉంటుంది, పోటు తగ్గినప్పుడు బీచ్ ఎంత వెడల్పవుతుందంటే సైకిల్ తొక్కుకుంటూ పోవచ్చు. అలలు చిన్నవి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు చీర కొంచెం ఎత్తి పట్టుకొని నిలబడ్డానికి ఇంతకంటే మంచి చోటు ఈ మూడింట్లో లేదు. ఉత్తరాన డ్రిఫ్ట్‌వుడ్ బీచ్ ఉంది, కోత వల్ల చచ్చిపోయిన చెట్లు వేళ్ళతో సహా ఇసుకలో పడుంటాయి, ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ షూట్లన్నీ అక్కడే. వెళ్ళేముందు పోటు టైములు చూస్కోండి, జార్జియా తీరంలో ఆటుకీ పోటుకీ తేడా ఆరేడు అడుగులు ఉంటుంది, మేం మొదటిసారి చూస్కోకుండా మధ్యాహ్నం వెళ్తే బీచే లేదు, చెట్ల మొదళ్ళ దాకా నీళ్ళు.

పిల్లలుంటే సీ టర్టిల్ సెంటర్ తప్పకుండా చూపించండి, దెబ్బ తగిలిన తాబేళ్ళకి వైద్యం చేస్తారు, అద్దంలోంచి చూడొచ్చు. మా చిన్నాడు డిప్పకి కట్టు కట్టిన తాబేలుని చూసి దానికి నొప్పేస్తుందా అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. శ్రీకాకుళం, కాకినాడ వైపు ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టినట్టే ఇక్కడ వేసవిలో లాగర్‌హెడ్ తాబేళ్ళు పెడతాయి, అందుకే రాత్రి బీచ్‌లో ఫోన్ టార్చ్ వెయ్యకూడదు.

జెకిల్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, సాయంత్రం గాలి ఆగిందంటే కంటికి కనపడని పురుగులు కుడతాయి, నో సీ అమ్స్ అంటారు, ఓడోమాస్ వాటి ముందు పనిచెయ్యలేదు.

ఇక ఓక్రకోక్. పేరు చూసి మా ఫ్రెండొకావిడ బెండకాయ కోక్ ఏంటే అంది, ఇప్పటికీ మా గ్రూపులో దాని పేరు బెండకాయ దీవే. నార్త్ కరోలినా ఔటర్ బ్యాంక్స్‌లో చివరికి ఉంటుంది. పొడవు పదహారు మైళ్ళు, ఊరు మాత్రం ఒక్క కొసనే, ఎనిమిది వందల మంది జనాభా, మిగతాదంతా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది కాబట్టి పదమూడు మైళ్ళు ఒక్క ఇల్లు కూడా లేదు. బీచ్ పక్కన హోటల్ అనేదే ఉండదు, ఊళ్ళో ఉండి బీచ్‌కి కారులో వెళ్ళాలి. 2022లో దేశం మొత్తానికి నంబర్ వన్ బీచ్ అని, బీచ్‌లకి ర్యాంకులిచ్చే డాక్టర్ బీచ్ అనే ప్రొఫెసర్ జాబితాలో ఇచ్చారు, ఇచ్చినా కూడా జూన్‌లో మేం వెళ్తే మాకూ పక్క గొడుక్కీ మధ్య క్రికెట్ ఆడుకునేంత జాగా ఉంది. కారణం వేరే ఏం లేదు, ఫెర్రీలో ఎన్ని కార్లు పడితే అంతమందే వస్తారు.

వెళ్ళడానికి మూడు దారులు. హాటెరస్ నుంచి ఒకటి, గంట పైన, మేం వెళ్ళినప్పుడల్లా టోల్ తీసుకోలేదు, రిజర్వేషన్ లేదు, ముందొచ్చిన కారు ముందు, అందుకే వేసవి వీకెండ్‌లో లైన్‌లో ఎండలో ఉడకాలి. సీడార్ ఐలాండ్ నుంచి, స్వాన్ క్వార్టర్ నుంచి చెరొకటి, రెండున్నర గంటలు అటూ ఇటూ, వీటికి డబ్బు కట్టాలి గానీ ముందే బుక్ చేస్కోవచ్చు. క్యారీ, రాలీ వైపు వాళ్ళు ఈ రెండింట్లో ఏదో ఒకటి తీస్కోండి, డ్రైవ్ కూడా తక్కువ. అరగంట ముందు వెళ్ళి రిపోర్ట్ చెయ్యాలి, లేకపోతే మీ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, ఇది నేను ఊరికే చెప్పట్లేదు, దారిలో పులిహోర తిందామని ఆగి పదినిమిషాలు లేటయ్యి తర్వాతి ఫెర్రీకి మూడు గంటలు కూర్చున్నాం.

మా నాన్నది సఖినేటిపల్లి. చిన్నప్పట్నుంచీ నర్సాపురం వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కాల్సిందే, లారీలు, ఆవులు, పెళ్ళి బస్సులు అన్నీ దాని మీదే. సీడార్ ఐలాండ్‌లో కారుని ఫెర్రీ మీదకి ఎక్కిస్తుంటే ఒకతను వచ్చి టైరు కింద దిమ్మ పెట్టి వెళ్ళాడు, నాన్న అద్దం దించి చూసి, ఇది మన పంటేనే, అక్కడ రాయి పెడతారు ఇక్కడ దిమ్మ పెడతారు అన్నాడు. అంతే, ఇంక కారులో కూర్చోలేదు. రెండు గంటలూ రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డాడు, పడవ కాలవ దారి ఎలా పట్టుకుంటుందో, గుర్తు కర్రలు ఎటు వేశారో అన్నీ చూస్తూ, మధ్యలో అమ్మ జంతికలు ఇస్తే సగం తను తిని సగం వెనకాల వచ్చే సీగల్స్‌కి వేస్తూ. అమ్మ మాత్రం ఇంత దూరం వచ్చి పంటు చూపిస్తావా నాకు, నర్సాపురంలో చూడలేదా నేను అంది. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే దీవి నచ్చదు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

చరిత్ర విషయానికొస్తే ఇక్కడ మహల్స్ ఏం లేవు. బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగని 1718 నవంబర్ 22న ఈ దీవి పక్కన నీళ్ళల్లోనే చంపారు, వర్జీనియా గవర్నర్ పంపిన లెఫ్టినెంట్ మేనార్డ్ అతని తల నరికి పడవ ముందు కొయ్యకి వేలాడదీసి తీసుకెళ్ళాడు. పిల్లలకి ఈ కథ చెప్పి స్ప్రింగర్స్ పాయింట్ దగ్గర అడవి దారిలో నడిపించండి, కిక్కురుమనకుండా నడుస్తారు. 1823లో కట్టిన తెల్ల లైట్‌హౌస్ ఉంది, పైకి ఎక్కనివ్వరు, చిన్నది, ముద్దుగా ఉంటుంది. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మాత్రం బ్రిటిష్ సిమెట్రీ, తెల్ల కంచె, నాలుగు సమాధులు, అంతే. 1942 మేలో జర్మన్ సబ్‌మెరైన్ బెడ్‌ఫర్డ్‌షైర్ అనే ఓడని ముంచేసింది, ఓడలో ఒక్కళ్ళు కూడా బతకలేదు, వాళ్ళల్లో నలుగురు ఇక్కడికి కొట్టుకొస్తే ఊళ్ళోవాళ్ళు తమ పక్కనే పూడ్చుకున్నారు. ఇప్పటికీ అక్కడ బ్రిటిష్ జెండా ఎగురుతుంది, ఏటా మేలో వందనం చేస్తారు.

ఇంకో చిన్న సంగతి, ఇక్కడ ప్రతి ఇంటి పెరట్లో అంజీర చెట్టు ఉంటుంది, ఫిగ్ కేక్ అని చేస్తారు, మజ్జిగ పోసి, ఊరి గర్వం అది. ముక్క కొనుక్కొని కాఫీతో తినండి. గుడ్డు ఉంటుంది, అమ్మావాళ్ళకి పెట్టేముందు చెప్పండి, నేను చెప్పలేదు, ఇప్పటికీ తిట్లు తింటున్నా.

కష్టాలు కూడా చెప్పాలి. హాస్పిటల్ లేదు, క్లినిక్ ఒకటుంది, పెద్ద విషయమైతే హెలికాప్టరే. గుండె జబ్బు, డయాలిసిస్ లాంటివి ఉన్న పెద్దవాళ్ళతో నేనైతే వెళ్ళను. దోమలు గోదావరి జిల్లా స్థాయిలో ఉంటాయి. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు, కాబట్టి సోమవారం ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉంటే ఆదివారం ఆఖరి ఫెర్రీ మీద ఆధారపడొద్దు. ఆగస్ట్, సెప్టెంబర్ అంటే హరికేన్ల టైము, 2019 సెప్టెంబర్‌లో డోరియన్‌కి ఊరు మొత్తం మునిగిపోయింది, ఇళ్ళని ఎత్తులో స్తంభాల మీద పెట్టుకోవడం మీరే చూస్తారు. కిరాణా కొట్టు ఉంది గానీ కందిపప్పు, పెరుగు లాంటివి వెతుక్కునే పని పెట్టుకోకుండా మీరే కూలర్‌లో వేసుకెళ్ళండి. కిచెన్ ఉన్న ఇల్లు అద్దెకి తీస్కోండి, హోటల్ గది వద్దు. బీచ్ మీద కారు నడుపుదామనుకునేవాళ్ళు పర్మిట్ తీస్కోవాలి, టైర్లలో గాలి తగ్గించాలి, లేకపోతే హోండా ఓడిస్సీ ఇసుకలో కూరుకుపోయి, సరే వద్దులెండి, అది మా ఆయన పరువు విషయం.

ఈత గురించి ఒక్క నిమిషం. మనలో చాలామందికి సముద్రం అంటే నడుం లోతు దాకా వెళ్ళి చేతులు పట్టుకొని గెంతడమే, ఈత రాదు. ఓక్రకోక్‌లో నీళ్ళు వెచ్చగా, చూడ్డానికి చక్కగా ఉంటాయి కానీ లోపలికి లాగే రిప్ కరెంట్లు ఉంటాయి, వేసవిలో లైఫ్‌గార్డ్ ఉండే చోటు ఒక్కటే ఉంది, పిల్లలతో అక్కడికే వెళ్ళండి, ఎదురుగా ఎవరూ లేని బీచ్ ఎంత ఊరించినా. లాగిందంటే ఒడ్డు వైపు ఈదడానికి పెనుగులాడకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్ళాలి, ఆ ప్రవాహం వెడల్పు తక్కువే ఉంటుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాల దూకొద్దు, తేలే వస్తువేదైనా విసరండి, 911 చెయ్యండి.

బ్లాక్ ఐలాండ్ గురించి తక్కువ రాస్తా, ఒక్కసారే వెళ్ళాం, అదీ మా ఆడపడుచు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటే వాళ్ళతో కలిసి. రోడ్ ఐలాండ్ తీరానికి సుమారు తొమ్మిది మైళ్ళ దూరంలో ఉంటుంది, పాయింట్ జుడిత్ నుంచి మామూలు ఫెర్రీ గంట, ఫాస్ట్ ఫెర్రీ అరగంట. ఎడిసన్ నుంచి పాయింట్ జుడిత్‌కి నాలుగు గంటలు అనుకోండి, కనెటికట్‌లో ట్రాఫిక్ దేవుడి దయ. కారుని ఎక్కించొచ్చు గానీ చోటు నెలల ముందే అయిపోతుంది, రేటూ ఎక్కువే, పది చదరపు మైళ్ళ దీవికి కారెందుకు, టాక్సీలు ఉంటాయి, సైకిళ్ళు అద్దెకిస్తారు. మోపెడ్‌లు కూడా ఇస్తారు, కుర్రాళ్ళు ఎగబడతారు, రోడ్లు ఇరుకు, మలుపులు ఎక్కువ, ఊళ్ళోవాళ్ళకి అవంటే ఒళ్ళు మంట, నా మాటిని సైకిలే తీస్కోండి.

ఈ దీవి అందం ఎత్తులో ఉంది. మొహీగన్ బ్లఫ్స్ అని నూటయాభై అడుగుల మట్టి కొండ, కింద సముద్రం, దిగడానికి 141 మెట్లు, మెట్లయ్యాక రాళ్ళు. దిగేప్పుడు అందరూ హుషారే, ఎక్కేప్పుడు మా బావగారు ప్రతి ఇరవై మెట్లకీ ఫొటో తీస్తున్నట్టు ఆగాడు. పెద్దవాళ్ళని పైనే బెంచీ మీద కూర్చోబెట్టండి, అక్కడ్నుంచీ బాగానే కనిపిస్తుంది. పక్కనే 1875 నాటి ఇటుకల లైట్‌హౌస్, కొండ కోతకి పడిపోయేలా ఉంటే 1993లో భవనం మొత్తాన్ని జాకీల మీద లేపి పట్టాల మీద వెనక్కి జరిపారు, ఇంజనీర్లున్న గుంపుకి ఇదొక్కటి చాలు గంట చర్చకి. అక్కడ్నుంచి చూస్తే సముద్రంలో ఐదు గాలిమరలు కనిపిస్తాయి, 2016లో పెట్టారు, అమెరికాలో సముద్రం మీద వ్యాపారానికి పెట్టిన మొదటి విండ్ ఫామ్, అంతకుముందు దీవి కరెంటంతా డీజిల్ జనరేటర్లతోనే.

నీళ్ళు చల్లగా ఉంటాయి, ఆగస్ట్‌లో కూడా మన ఒంటికి చలే. క్రెసెంట్ బీచ్ ఫెర్రీ దిగి నడిచిపోయేంత దూరం. గడ్డిలో నడిస్తే టిక్స్ అని రక్తం పీల్చే పురుగులు ఎక్కుతాయి, అవి కుడితే వచ్చే లైమ్ డిసీజ్ అక్కడ నిజంగానే ఎక్కువ, పొడుగు సాక్సులు వేస్కోండి, రాత్రి పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూడండి. రాత్రి ఉండాలంటే జులైలో హోటల్ రేట్లు చూస్తే విమానం టికెట్ గుర్తొస్తుంది, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయడం మేలు. ప్రశాంతత కోసం అయితే జులై వీకెండ్ అసలు వద్దు, రేవు దగ్గర బార్లన్నీ నిండి ఉంటాయి, సెప్టెంబర్ లేబర్ డే తర్వాత వెళ్తే అదే దీవి వేరే ఊరులా ఉంటుంది, అక్టోబర్ సగం దాటితే మళ్ళీ చాలా కొట్లు మూసేస్తారు.

కంబర్లాండ్ ఐలాండ్ ఎందుకు రాయలేదని అడుగుతారు, జెకిల్‌కి దక్షిణాన ఉంది, అడవి గుర్రాలు, కార్నెగీ కుటుంబానిది కాలిపోయిన భవనం, అన్నీ ఉన్నాయి, నిజానికి నాలుగింట్లో అందమైనది అదే. కానీ సెయింట్ మేరీస్ నుంచి ముప్పావుగంట ఫెర్రీ, దిగాక మంచినీళ్ళు దొరుకుతాయి తప్ప ఏమైనా కొనడానికి కొట్టు లేదు, నడకంతా మీదే. మీ అమ్మగారు రోజూ ఐదు మైళ్ళు నడుస్తానంటే ఒక డబ్బా దద్ధోజనం, రెండు గొడుగులు పట్టుకొని వెళ్ళండి, లేదంటే జెకిల్‌లో ఉంటూ మీ ఆయనా మీరూ ఒక్కరోజు వెళ్ళొచ్చేయండి.

మరి ఏది అంటే. మూడేళ్ళలోపు పిల్లలు, మోకాళ్ళ నొప్పులు, రోజుకి ఆరు మాత్రలు, మొదటి ట్రిప్, వీటిల్లో రెండు ఉన్నా జెకిల్‌కే వెళ్ళండి, ఆలోచించొద్దు, బ్రిడ్జి దాటితే ఊరు, హాస్పిటల్, వాల్‌మార్ట్ అన్నీ ఉన్నాయి. థాంక్స్‌గివింగ్‌కి కూడా అదే, చలి తక్కువ, అప్పటికి క్రిస్మస్ లైట్లు పెడతారు. న్యూజెర్సీ, బాస్టన్ వైపుండి, ఇద్దరే వెళ్తున్నా, ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా, ఒక్కరోజే ఖాళీ ఉన్నా బ్లాక్ ఐలాండ్. నడవగలిగే అమ్మానాన్నలు, కథలు వినే వయసు పిల్లలు, కనీసం మూడు రాత్రులు సెలవు ఉంటే ఓక్రకోక్, మే చివర్లో గానీ జూన్ మొదట్లో గానీ. ఒక్క రాత్రికైతే ఓక్రకోక్ వద్దు, వెళ్ళేప్పుడు ఒక పూట వచ్చేప్పుడు ఒక పూట నీళ్ళ మీదే పోతుంది, అది మా నాన్నకి లాభం, మీ అమ్మకి నష్టం.

ఓక్రకోక్ ఖాయం చేసుకున్నవాళ్ళు ఇల్లు బుక్ చేసిన రోజే ఫెర్రీ రెండువైపులా బుక్ చేసేయండి. చాలామంది వెళ్ళేది మాత్రం చేసి వచ్చేది తర్వాత చూద్దాంలే అంటారు, తీరా చూస్తే పొద్దున మొదటి ట్రిప్పే మిగులుతుంది, ఆ టైముకి మా ఇంట్లో అయితే ఒక్క నాన్నే రెడీగా ఉంటాడు, కారు పక్కన నిలబడి.